గట్టు దాటని వెలుగు

మా తోడికోడలు చెంగమ్మకి నా మీద కుళ్ళు అని ఊళ్ళో అంటూ ఉంటారు. న్యాయంగా చెప్పాలంటే ముందు కుళ్ళుకున్నది నేను. ఆ ఇంటికి చిన్నకోడలిగా వచ్చిన మొదటి ఏడే మొదలుపెట్టి ఇంతవరకూ విడవలేదు. కొందరు నోము పట్టి విడవకుండా చేస్తారు, నేను ఇది పట్టాను.

కారణం తొలిదండ. మా ఎర్రగుంటపల్లెలో గంగమ్మ జాతరనాడు అమ్మవారి మెడలో పడే మొదటి చామంతి దండని తొలిదండ అంటారు. జాతరకు ముందు ఆదివారం పూజారి చామంతి తోటలన్నీ నడిచి చూస్తాడు. ఏ తోట నిండుగా పూసి ఉంటే ఆ ఇంటి ఆడమనిషి చేతికి పసుపుగుడ్డ ఇచ్చి పోతాడు. ఆమె దండను పళ్ళెంలో పెట్టుకుని మేళం ముందు నడవాలి, ఊరంతా ఆమె వెనక నడవాలి. ఏటేటా ఆ పసుపుగుడ్డ చెంగమ్మదే. ఆమె వెనక నడిచీ నడిచీ, ఆమె కొప్పు ఏ ఏడు ఎంత పలచబడిందో చెప్పగలిగేదాన్ని. పలచబడినప్పుడల్లా కొంచెం హాయిగా ఉండేది, దాచుకోవడం ఎందుకు.

చామంతి సంగతి తెలియనివాళ్ళకి ఒక మాట చెప్పాలి. చామంతికి రాత్రి కావాలి. చీకటి చాలినంత దొరికితేనే అది మొగ్గ తొడుగుతుంది. మనకు కావలసిన పండక్కి పువ్వు రావాలంటే, అందాకా తోటలో బల్బులు వెలిగించి, ఇంకా రాత్రి కాలేదే అని దాన్ని నమ్మించాలి. ఆకూ కొమ్మా వేసుకుని ఏపుగా పెరుగుతుంది గాని మొగ్గ వెయ్యదు. మనం బల్బులు ఆర్పేస్తే, ఓహో ఇప్పుడు రాత్రి వచ్చింది అనుకుని మొగ్గ వేస్తుంది. మా పక్క చామంతి రైతులందరూ చేసే పనే ఇది. మా పొలాలను రాత్రి కొండ మీదనుంచి చూస్తే పెళ్ళివాళ్ళు విడిది దిగినట్టుంటుంది.

చెంగమ్మ వేసేది తొందర రకం. చీకటి దొరికిన కొన్ని వారాలకే విచ్చుకుంటుంది. నాది నిదానం రకం. పువ్వు పెద్దది, పసుపు ముద్దగా ఉంటుంది, కాని తీరిగ్గా వస్తుంది. అందుకని నేను శివరాత్రికి బాగా ముందే బల్బులు ఆర్పాలి, ఆమె శివరాత్రి పోయినాక ఆర్పినా సరిపోతుంది. ఆ నడుమ రోజుల్లోనే వచ్చేది గొడవ. నా తోట చీకట్లో పడుకోవాలని చూస్తే, గట్టు అవతలినుంచి ఆమె బల్బుల వెలుగు వచ్చి లేపుతూ ఉండేది. గట్టు పక్క సాళ్ళన్నీ పచ్చగా ఆకు వేసుకుని, జాతర వచ్చినా వెర్రిమొహం వేసుకుని నిలబడేవి. పూజారి వచ్చి చూసి, "మునెమ్మా, నీ తోట సగం నిద్రపోయింది, సగం మేలుకుంది" అని నవ్వి పోయేవాడు.

నేను గట్టుకాడికి పోయి అడిగితే చెంగమ్మ చెప్పే జవాబు ఒకటే. "వెలుగుకి గట్టు యాడుంటుంది మే? నేనేమన్నా మూటగట్టి విసిరినానా?"

అట్లాంటి రోజుల్లో ఆ రూలు వచ్చింది. ఇంటి బయట గాని, పొలంలో గాని ఎవరు లైటు పెట్టుకున్నా, దాని వెలుగు పక్కవాళ్ళ హద్దులో పడకూడదు, లైటుకి మూత ఉండాలి, పక్కవాళ్ళు చెబితే మండలాఫీసువాళ్ళు వచ్చి కొలుస్తారు అని. ఊళ్ళో మైకు పెట్టి చెప్పారు. మైకు బండి మలుపు తిరగకముందే నేను చెప్పులు వేసుకున్నాను.

ఆఫీసాయన వచ్చి సాయంత్రం నా సాళ్ళ నడుమ అరచెయ్యంత యంత్రం పట్టుకుని నిలబడ్డాడు. తప్పు చెంగమ్మదే అని తేల్చాడు. ఆమె మా బావను పురమాయించి నూనె డబ్బాలు కోయించి బల్బులకు టోపీలు పెట్టించింది. మా బావకి చెవులు వినబడవు, చేతులు మాత్రం బాగా పనిచేస్తాయి. టోపీలు పెట్టిన కొన్నాళ్ళకు ఆమె తోటలో నీడ పడ్డచోటల్లా మొగ్గలు, వెలుగు పడ్డచోటల్లా ఆకులు. తోట చిరుగుల దుప్పటిలాగా అయింది. టోపీ తియ్యకుంటే తోట పోతుంది, తీస్తే ఆఫీసాయన వస్తాడు. గట్టు మీద నిలబడి చూస్తుంటే నా కడుపులో చల్లటి మజ్జిగ పోసినట్టుంది.

ఆ మజ్జిగను ఒలకబోసింది ఎవరో కాదు, నా మనవరాలు భార్గవి. నా కొడుకు కూతురు. కొండమీద వెలుగు గురించి చదివే ల్యాబు ఒకటుంది, అక్కడ పనిచేస్తుంది. చిన్నప్పుడు నా వొళ్ళో కూర్చుని లాంతరు చిమ్నీ మసి వేళ్ళకు పూసుకున్న పిల్ల. ఆ ఏడు ఒక పనిమీద రాత్రీ పగలూ అక్కడే ఉండిపోతూ ఉంటే, ఓళిగలు చేసుకుని నేనే బస్సెక్కి పోయాను.

అది నన్ను ఒక గదిలోకి తీసుకుపోయింది. బల్ల మీద నాలుగు పుల్లలు నిలబెట్టి, వాటి చుట్టూ వెంట్రుకకన్నా సన్నటి దారం కట్టి ఉంది. నడుమ కొవ్వొత్తి వెలుగుతోంది. భార్గవి ఒక మీట నొక్కింది. కొవ్వొత్తి కనబడలేదు. ఆరిపోయింది అనుకున్నాను. పుల్లల నడుమ నల్లటి ముద్దలాగా చీకటి నిలబడి ఉంది. ఊదితే గాలి లోపలికి పోతోంది, వేలు పెడితే వేలు పోతోంది, వేడి తగులుతోంది. వెలుగు మాత్రం రావడం లేదు.

"తల లోపల పెట్టి చూడవ్వా" అంది.

పెట్టాను. లోపల కొవ్వొత్తి నిక్షేపంగా వెలుగుతోంది. ఒక్క కొవ్వొత్తికి అంత వెలుగు ఎట్లా వచ్చిందో, పెళ్ళిపందిరి లాగా ఉంది. లోపలినుంచి చూస్తే భార్గవీ, గోడా, నా ఓళిగల డబ్బా అన్నీ బాగానే కనబడుతున్నాయి. బయటి వెలుగు లోపలికి వస్తుందంట. లోపలి వెలుగు దారం దాకా పోయి మళ్ళీ వెనక్కి తిరిగి వస్తుందంట. అల్లుడింటికి పోయిన ముసలామె లాగా, లోపలికి పోవడమే గాని బయటికి రావడం లేదు అన్నాను. భార్గవి నవ్వి నవ్వి కూర్చుండిపోయింది.

అంతవరకూ బాగానే ఉంది. తరవాత అడిగాను, దీన్ని ముందు ఎక్కడ కడతావు పాపా అని. నాకు తెలుసు ఏం చెబుతుందో అని, ఎవరెవరిని పిలవాలో కూడా లోపల అనుకుంటున్నాను.

"పెద్దవ్వ తోట చుట్టూ" అంది.

చేతిలోని ఓళిగను మళ్ళీ డబ్బాలో పెట్టి మూత వేసేశాను. నా నెత్తురు, నా వొళ్ళో పెరిగిన పిల్ల, తన కొత్త వస్తువును మొదట తీసుకుపోయి చెంగమ్మ తోట చుట్టూ కడుతుందంట. ఎందుకే అంటే, వెలుగు దాటేది పెద్దవ్వ తోటలోనుంచి గదా అవ్వా, జొరమున్నవాళ్ళకే గదా మందు అంటుంది. మరి ఆ జొరం తగిలి ఇన్నేళ్ళు చెడింది నేను గదా అంటే, నీకూ మంచిదే గదా అంటుంది. చదువుకున్నవాళ్ళకు లెక్క తెలుస్తుంది గాని, ఎవరింటికి ముందు పోవాలో తెలియదు.

ఇంకో మాట కూడా చెప్పింది. ఈ దారం మంచిదని పెద్దవాళ్ళు ఒప్పుకోవాలంటే ఒక తోట దీని లోపల వేళకి పూసి చూపించాలంట. జాతరనాటికి చెంగమ్మ తోట పూస్తే దారం గెలిచినట్టు, లేకుంటే ఇన్నాళ్ళ పని మూలపడినట్టు. అంటే నా మనవరాలు గెలవాలంటే చెంగమ్మ పువ్వు పుయ్యాలి. చెంగమ్మ పువ్వు పూస్తే తొలిదండ మళ్ళీ చెంగమ్మదే. ఆ దేవుడికి నా మీద ఇంత కక్ష ఎందుకో నాకు అర్థం కాలేదు.

దారం కట్టారు. పొలమూ, అందులో ఉన్న ఇల్లూ కలిపి చుట్టూ గుంజలు నాటి తిప్పారు. చెంగమ్మ బల్బుల టోపీలు తీయించి, అదునుకు ముందే వచ్చిన మొగ్గలన్నీ గిల్లేసింది. సందకాడ మీట నొక్కేసరికి చెంగమ్మ తోట ఉన్నచోట చీకటి గోడ లేచి నిలబడింది. అంత పెద్ద బల్బుల తోట ఒక్కసారిగా లేకుండా పోయింది. నా సాళ్ళమీద చుక్కల వెలుగు తప్ప ఇంకేం లేదు. ఆఫీసాయన యంత్రం పట్టుకుని వచ్చి, నా పక్క నిలబడి కొలిచి, భార్గవి భుజం తట్టి పోయాడు. నిజం చెప్పాలి, నా తోట ఆ ఏడు గట్టు చివరిదాకా ఒకే తీరున మొగ్గ తొడిగింది. చూసుకుని మురిసిపోవాలి గదా. మురియలేకపోయాను.

ఎందుకంటారా. ఇన్నేళ్ళూ సాయంత్రం పని ముగించుకుని వసారాలో కూర్చుంటే గట్టు అవతల చెంగమ్మ ఇల్లు కనబడేది. ఏం వండిందో, ఎవరు వచ్చారో, కొత్త చీరా పాతదా, మొగుడి మీద అరిచిందా లేదా, అన్నీ చూసి, ఎంత కుళ్ళుకోవాలో అంత కుళ్ళుకుని, పోయి పడుకునేదాన్ని. కంటికి కనబడినదానికి ఒక కొలత ఉంటుంది. ఇప్పుడు నల్లగోడ. ఆ గోడ వెనక ఏముందో నాకు తెలియదు, కాబట్టి అన్నీ ఉన్నట్టే. ఒకరోజు కొత్త మంచం వచ్చినట్టు అనిపించేది, ఒకరోజు చుట్టాలు దిగినట్టు. సందకాడ ఆ గోడలోనుంచి కోడి కూసేది. పొద్దుగూకేటప్పుడు ఏ కోడి కూస్తుందమ్మా? ఏదో ఖరీదైన సీమకోడిని తెచ్చుకుంది అనుకుని, ఆ రాత్రి నాకు అన్నం సహించలేదు.

దానికి మించింది ఇంకోటి. ల్యాబులో కొవ్వొత్తి దగ్గర తల పెట్టినప్పుడు చూశాను గదా, లోపలున్నవాళ్ళకు బయట కనబడుతుంది. అంటే నాకు చెంగమ్మ కనబడదు, చెంగమ్మకి నేను కనబడతాను. ఆ సంగతి ఒక సాయంత్రం ఎంగిలి కంచం కడుగుతూ ఉంటే తట్టింది. పాత చీర, నూనె లేని జుట్టు, ముడుకుల నొప్పికి పసరు పూసుకున్న కాళ్ళు. చెయ్యి ఎట్లాగున్నది అట్లాగే ఆగిపోయింది.

ఎవరైనా ఏం చేస్తారు? చూస్తే చూసుకోనీ, బాగా చూసుకోనీ అనుకున్నాను. మర్నాడే నా కొడుకుతో వసారాకు లైట్లు పెట్టించాను. పెళ్ళిళ్ళకు కడతారే, అట్లాంటివి. ముంగిట్లో రెండు కంబాలు పాతించి వాటికీ పెట్టించాను, అన్నీ చెంగమ్మ ఇంటి పక్కకు తిప్పి. నా చామంతి ఇంటికి ఒక పక్కగా ఉంటుంది, ఆ వెలుగు అటు పోదు, పైగా అప్పటికే మొగ్గ పట్టింది. మొగ్గ పట్టినాక వెలుగు పడ్డా అది వెనక్కి పోదు. కాబట్టి నాకు నష్టం లేదు. ఇంక ప్రతి సాయంత్రం మా ఇంట్లో పండగే. కోడలు పొయ్యిని ముంగిట్లోకి తెచ్చి అక్కడే దోసెలు పోసేది. అందరమూ అక్కడే తినేవాళ్ళం. నేను మంచి చీర కట్టుకుని, పూలు పెట్టుకుని, నవ్వు రాకపోయినా గట్టిగా నవ్వేదాన్ని. మా కోడలు, "అత్తా, మీకు ఈమధ్య ఏమన్నా బాగలేదా" అని అడిగింది. బాగలేకపోతే ఇంత పట్టుచీర ఎందుకు కడతానే అన్నాను.

శివరాత్రి పోయింది. చెంగమ్మ బల్బులు ఆర్పేవేళ వచ్చింది. ఆర్పిందో లేదో నాకెట్లా తెలుస్తుంది? సందకాడ నల్లగోడ మాత్రం ఎప్పటిలాగే లేస్తోంది. పగలు చూద్దామంటే అడవిపందుల బెడదకని ఆమె తోట చుట్టూ, ఇంటి ముందర వదిలి, పాత చీరలు కట్టి ఉన్నాయి. అందరమూ కడతాం. ఆమె మాత్రం ఆ ఏడు మనిషెత్తు కట్టింది. బజారులో ఎదురుపడితే తోట ఎట్లుందక్కా అని అడిగాను. నా మొహం చూడకుండా, "బంగారంగా ఉండాది" అని పోయింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. ఏడ్చి ఎర్రబడ్డాయేమో అని ఆశ పుట్టింది గాని, మళ్ళీ పొగకేమో అనుకున్నాను.

జాతర దగ్గర పడింది. పూజారి వచ్చే ఆదివారం ఇంకెంతో దూరం లేదు. నా తోట విచ్చుకుంటోంది. ఆ గోడ వెనక ఎట్లా పూసిందో చూడకుండా ఇంక నావల్ల కాలేదు. పొద్దుగూకినాక చిన్న గిన్నె చేతబట్టుకుని, పాలకు తోడు అడిగే నెపం పెట్టుకుని బయలుదేరాను. మా ఇంట్లో పెరుగు ఉట్టి నిండా ఉంది.

దారం కిందుగా వంగి చీకట్లోకి అడుగు పెట్టాను. అడుగు పడేసరికి చీకటి లేదు. ఎట్లా చెప్పేది? తెల్లవారుజామున సూర్యుడు రాకముందు ఉంటుందే, అట్లాంటి వెలుగు, దానికన్నా గట్టిగా ఉంది, ఎక్కడా నీడ లేదు. బల్బులన్నీ ఆరి ఉన్నాయి. కోళ్ళు గూట్లోకి పోకుండా వాకిట్లో తూగుతూ తిరుగుతున్నాయి. పుంజు ఒకటి నిలబడి కూసింది. అది వాళ్ళ పాత పుంజే, సీమకోడి కాదు. మా బావ మంచం మీద తువ్వాలు మొహాన కట్టుకుని, అటూ ఇటూ దొర్లుతున్నాడు.

తోట వైపు చూశాను. ఆకు. ఈ చివరనుంచి ఆ చివరదాకా, మోకాలెత్తు, నిగనిగలాడే ఆకు. మొగ్గ అన్నది లేదు. ఒక్క కొమ్మకైనా లేదు.

నవ్వు రావాలి గదా నాకు. ఇన్నేళ్ళుగా దీనికోసమే గదా చూసింది. ఎందుకో రాలేదు, దారిలోనే ఎక్కడో ఆగిపోయింది.

చెంగమ్మ ఇంటి ముందర ముక్కాలిపీట వేసుకుని మా ఇంటివైపు తిరిగి కూర్చుని ఉంది. నన్ను చూసి లేవలేదు. దొంగతనం పట్టుబడ్డ మనిషిలాగా ఒక్కక్షణం బిగుసుకుపోయి, తరవాత పక్కకు జరిగింది.

"కూచో మే," అంది. "ఇప్పుడే నీ కోడలు రెండో వాయి పోస్తా ఉండాది."

కూర్చుని అటు చూశాను. చీకటి నడుమ మా ఇల్లు. ముంగిలంతా వెలుగు. కోడలు పెనం మీద దోసె తిప్పుతోంది, పొగ లైట్లలోకి లేస్తోంది. నా కొడుకు ఏదో చెబుతూ చెయ్యి ఊపుతున్నాడు. చిన్నపిల్లలు కంచాలు పట్టుకుని వరసగా కూర్చున్నారు. అరుగు మీద నా చోటు ఖాళీగా ఉంది. ఎంత అందంగా ఉందో చెప్పలేను. ఎవరమ్మా ఈ అదృష్టవంతులు, వీళ్ళకెంత కళగా ఉంది ఇల్లు అని నా గుండెలో సూదితో పొడిచినట్టయింది. అది నా ఇల్లే అని తెలిసి కూడా ఆ పోటు తగ్గలేదు. నా ఇంటిమీద నాకే కుళ్ళు పుట్టింది.

"దినమూ ఇట్లనే చూస్తావా అక్కా?" అన్నాను.

"ఇంకేముంది చూసేదానికి? మీ బావకి చెప్పినా వినబడదు." చూపు దోసెల మీదనుంచి తిప్పలేదు. "ఊళ్ళో అందరూ చెంగమ్మకి దండ ఉండాది అంటారు. దండ ఒక్కపూటది మే. నీకు ఈ సందడి దినమూ ఉండాది."

నేను గిన్నె అటూ ఇటూ తిప్పాను. తోడు సంగతి మర్చిపోయాను. అక్కా, మొగ్గ ఎందుకు రాలేదు అని అడిగాను. నీ దిష్టే తగిలింది, ఇంకేముంది, నీ కళ్ళు ఇంత దారాన్ని కూడా దాటి వచ్చినాయి అంది. నిప్పులో మిరపకాయలు వేసినా, గుమ్మడికాయ కట్టినా పోలేదంట. మొగ్గ లేని తోట నాకు కనబడకూడదని చీరలు ఎత్తు పెంచిందంట. నిద్ర లేక కళ్ళు మంటలంట. భార్గవికి చెప్పొచ్చు గదా అంటే, చెబితే నీకు చెబుతుంది గదా అంది.

పోట్లాడాల్సిన మాటే. కాని నాకు అక్కడ కూర్చుని పోట్లాడబుద్ధి కాలేదు. మర్నాడు నేనే భార్గవికి ఫోన్ చేసి రమ్మన్నాను.

అది సాయంత్రానికి వచ్చింది. ఆఫీసాయన చేతిలో ఉండేలాంటి యంత్రమే తెచ్చింది. ఇన్నాళ్ళూ దాన్ని గట్టుకు ఇవతల, మా పక్కనే పెట్టి కొలిచింది. రూలు అడిగేది పక్కవాళ్ళ హద్దులో ఎంత పడింది అనే గదా. ఆ రోజు మొదటిసారి లోపల, ఆకు పక్కన పెట్టింది. పెట్టి చూసి, మళ్ళీ తుడిచి చూసి, గట్టు మీద కూలబడింది.

"పెద్దవ్వా, బల్బులు ఆర్పినాక దారం కూడా ఆపెయ్యమన్నాను గదా?"

చెంగమ్మ కొంగు చివర మడత పెడుతోంది. దారం ఆపేస్తే తను మమ్మల్ని చూస్తున్నట్టు మాకు కనబడుతుంది. ఆ మాట తను చెప్పలేదు, నేనూ చెప్పలేదు.

భార్గవి మాకు అర్థమయ్యేట్టు చెప్పింది. బల్బులు ఆర్పినా, బయటనుంచి వచ్చిన వెలుగు లోపలికి వచ్చి మళ్ళీ పోలేక, దారానికి తగిలి తిరిగి, తగిలి తిరిగి, ఆకుల మీదే పడుతూ ఉంది. చుక్కల వెలుగయితే ఏం కాదు. ఇంత రావాలంటే ఎక్కడినుంచో గట్టిగా వస్తూ ఉండాలి. అని తల ఎత్తి చూసింది. ఎదురుగా మా వసారా, మా కంబాలు, పెళ్ళిలైట్లు.

"ఆ లైట్లు ఎవరు పెట్టించినారు?" అంది.

నేను కోళ్ళవైపు చూశాను. చెంగమ్మ నావైపు చూసింది. ఆమెకి తెలిసిపోయింది. నా దిష్టే అని తను అన్నమాట ఒకరకంగా నిజమేనని తెలిసి, ఆ ఎర్రటి కళ్ళలో ఒక్కక్షణం సంతోషం లాంటిది కనబడింది. నా పేరు మాత్రం ఆమె చెప్పలేదు. నేనే చెప్పాల్సివచ్చింది. చెబుతూ, లైటు పెట్టుకోవడం తప్పా, నా ముంగిలి నా ఇష్టం, వెలుగుకి గట్టు యాడుంటుంది అన్నాను. అనేసినాక అది ఎవరి మాటో గుర్తొచ్చి నాలుక కరుచుకున్నాను.

అప్పుడు దారం ఆపినా, లైట్లు ఆర్పినా లాభం లేదు. జాతరలోపల ఆ తోట మొగ్గ వేసి పుయ్యలేదు. భార్గవి దారం ఓడిపోయినట్టే. ల్యాబులో దాని పైఆయన దారి చూపించాడంట, ముసలామె మీట ఆపలేదు, తప్పు ఆమెది, దారానిది కాదు అని రాసి పంపించెయ్యమని. రాస్తే దారం బతికేది. ఆ మాట భార్గవి మా ఇంట్లో అన్నం ముందర కూర్చుని చెప్పింది. రాస్తావా పాపా అని అడిగాను.

"ఏమని రాయాలవ్వా?" అంది. మేం చెప్పకపోయినా కనిపెట్టేసింది. "మనిషి కనబడకుండా కూర్చుని పక్కిల్లు చూడాలనుకుంది అని రాయాలా? మనుషులు అట్లాగే చూస్తారని నేను ముందే అనుకోవాలి గదా. మనిషి ఉండేచోట పనికిరాలేదు, అంతే."

అట్లాగే రాసింది. దారం పెట్టెలోకి పోయింది. ఆ పిల్ల కొన్నాళ్ళు సరిగ్గా తినలేదు. దాని మొహం చూస్తుంటే, చెంగమ్మ తోట పూసి ఉంటే బాగుండేదని జీవితంలో మొదటిసారి అనిపించింది. ఆ ఆలోచన నాకే కొత్తగా ఉండి, ఎవరైనా విన్నారా అని చుట్టూ చూసుకున్నాను. ఆఫీసువాళ్ళు ఆ రూలును కొంచెం మార్చారు. తోటల్లో చిన్న బల్బులు ఎక్కువగా, కిందికి దించి, మూతలతో కట్టుకోవాలంట. ఇళ్ళ ముందర లైట్లకూ అంతే. ఆ ఆఫీసాయనే వచ్చి, నేను చూస్తుండగానే మా పెళ్ళిలైట్లకు రేకు టోపీలు పెట్టించి పోయాడు. చెంగమ్మ గట్టుమీద నిలబడి, టోపీ ఇంకొంచెం కిందికి వంచమని చెప్పింది కూడా.

రూలు మారింది తరవాత. జాతరకు ముందు ఆదివారం పూజారి వచ్చాడు. చెంగమ్మ తోట ఆకు చూసి నేరుగా గట్టు దాటాడు. నా తోట చూసి నిలబడిపోయాడు. ఇన్నేళ్ళకు పసుపుగుడ్డ నా చేతిలో పడింది. ఊళ్ళో ఆడవాళ్ళంతా వచ్చి చూసిపోయారు. నేను ఎదురుచూసింది ఒక్కమనిషి కోసం. ఆమె రాలేదు. ఆమె మొహం మాడడం చూడాలని గదా ఇన్నేళ్ళు ఉన్నది? తలుపేసుకుని లోపల కూర్చుంటే, ఎవరిని చూసి గెలిచాను అనుకోవాలి? ఇంట్లో అందరూ సంబరపడుతున్నారు. నాకు ఉప్పులేని కూర తిన్నట్టుంది.

జాతర పొద్దున నేను దండ కట్టుకుని, పళ్ళెంలో పెట్టుకుని, మేళం వచ్చేలోపల చెంగమ్మ ఇంటికి పోయాను. తలుపు కొట్టాను. మా బావకి వినబడదు, ఆమెకు వినబడుతుంది. కొడుతూనే ఉన్నాను.

చివరకు తీసింది. తల దువ్వుకోలేదు. పళ్ళెం చూసి, నన్ను చూసి, "ఏం, చూపించేదానికి వచ్చినావా?" అంది.

"అవును," అన్నాను. "నువ్వు చూడకపోతే ఇది నాకెందుకు? రా అక్కా. వచ్చి నా వెనక నడువు. నడిచినంతసేపూ కుళ్ళుకో."

ఆమె తిడుతుందనుకున్నాను. దండ మీదికి వంగి రెండు వేళ్ళతో ఎత్తి పట్టుకుంది. "ఇదేం కట్టు మే? పువ్వు పువ్వుకీ నడుమ ఎడ్లబండి పోతాది" అంది. గడప మీదనే చతికిలబడి, దండ మొత్తం విప్పేసింది. నా ప్రాణం పోయింది. మేళం వీధి మలుపులో వినబడుతోంది. అక్కా ఆలస్యమవుతుంది అంటే, నోరుమూసుకుని పువ్వందియ్యి అంది. నేను అందించాను. ఆమె వేళ్ళు నారతో ఎట్లా ఆడతాయో నేను ఎన్నడూ దగ్గరనుంచి చూడలేదు. ముడి పడినట్టే కనబడదు, పువ్వు కదలదు. మేళం వాకిట్లోకి వచ్చేసరికి దండ మళ్ళీ పళ్ళెంలో ఉంది. ఆమె జుట్టు ముడేసుకుని, చీర మార్చుకుని, నా వెనక కాదు, నా పక్కన నడిచింది.

అమ్మవారి మెడలో దండ పడింది. నేను చెవులు రిక్కించి నిలబడ్డాను. ఎంత చక్కటి కట్టు అంది ఒకామె. ఇంత ఒత్తుగా ఎవరు కట్టినారు అంది ఇంకొకామె. పూజారి కూడా హారతి ఇస్తూ, ఆ చెయ్యి ఎవరిదో గాని చెయ్యంటే అదీ అన్నాడు. అంత పెద్ద పువ్వు, గట్టు చివరిదాకా ఒకే తీరున పూసిన పువ్వు, పసుపు ముద్దలాంటి పువ్వు. పువ్వు బాగుందని ఒక్కరు, కనీసం ఒక్కరు అంటారేమోనని గుడి ఖాళీ అయ్యేదాకా నిలబడ్డాను. చెంగమ్మ నా పక్కనే కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నిలబడింది, నవ్వు ఆపుకుంటూ. నా కడుపు భగ్గుమంది.